నొప్పిని పండబెట్టుకున్న రోజులు

మొన్న మా డిపో నుంచి ఒక కండక్టరమ్మాయి ఫోన్ చేసింది. అమ్మాయి అంటున్నాను గానీ తనకీ నలభై అయిదు దాటాయి. రిటైరై ఇంట్లో కూర్చున్నాక నా కళ్ళకు అందరూ అమ్మాయిల్లాగే కనిపిస్తున్నారు. "అక్కా, పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవట్లేదు. మోకాళ్ళు పట్టేస్తన్నయ్. నీకూ ఇట్టాగే ఉండేదంట గదా, ఏం బిళ్ళలు వాడావు?" అని అడిగింది. బిళ్ళలతో తగ్గలేదన్నాను. నమ్మలేదు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి అడిగింది. "ఇంట్లో అన్‌ఫిట్ పెట్టుకోమంటన్నారక్కా. అప్పట్లో నువ్వెందుకు పెట్టుకోలా?"

మొదటిదానికి ఫోన్‌లోనే ఏదో చెప్పాను. రెండోది అడిగేసరికి పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేశాను. పాలు లేవు, పొయ్యి కూడా వెలిగించలేదు. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఖాకీ కోటు వేసుకుని పల్నాడు రోడ్ల మీద తిరుగుతున్న ఆడపిల్లలు ఇంకా కొందరున్నారు, వాళ్ళు కూడా చదువుకుంటారని.

ముందు ఈ అన్‌ఫిట్ ఏమిటో చెప్పాలి. ఫలానా మనిషి ఒళ్ళు డ్యూటీకి పనికిరాదని మెడికల్ బోర్డు డాక్టర్లు రాసిస్తే ఉద్యోగం నుంచి తప్పిస్తారు. సర్వీసు ఇంకా మిగిలి ఉండి, మిగతా నిబంధనలు కూడా కుదిరితే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి మా దగ్గర ఉండేది. చూపు పోయిన డ్రైవర్లకీ, కాలు పోగొట్టుకున్న వాళ్ళకీ అది నిజంగా దేవుడు పెట్టిన అన్నమే. కానీ డిగ్రీ చదివిన పిల్లలు ఇంట్లో ఖాళీగా ఉంటే, పెద్దవాళ్ళ ఒంట్లో వచ్చే ప్రతి నొప్పీ ఇంటిల్లిపాదికీ ఒక ఆశలాగా కనపడటం మొదలవుతుంది. మా ఇంట్లో అదే జరిగింది.

నాకప్పుడు నలభై ఏడు. మాచర్ల నుంచి రెంటచింతల మీదుగా గురజాల పోయి వచ్చే ఆర్డినరీ బస్సులో డ్యూటీ. ఆ ఏడాది ఎండాకాలం నుంచి నెలసరి దారి తప్పింది. రెండు నెలలు రాదు, వస్తే ఒక పట్టాన పోదు. టికెట్లు కొడుతుండగా ఉన్నట్టుండి ఛాతీలో వేడి పుట్టి మెడ మీదుగా ముఖంలోకి ఎక్కేది. మే నెలలో రెంటచింతలలో బస్సు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అక్కడ ఊరి వేడి ఏదో నా వేడి ఏదో నాకే తెలిసేది కాదు. రాత్రుళ్ళు చెమటకు దిండు తడిసి నిద్ర పట్టేది కాదు. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది కీళ్ళ నొప్పిని.

తెల్లారి మొదటి ట్రిప్పుకు లేస్తే వేళ్ళు బిగుసుకుని ఉండేవి. టికెట్ మిషను బటన్ మీద బొటనవేలు పెట్టాలంటే భయం. సంచిలో చెయ్యి పెడితే చిల్లర దొరికేది కాదు, దొరికితే నిలిచేది కాదు. బస్సు మెట్టెక్కాలంటే రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కునేదాన్ని. చెయ్యి భుజం దాటి లేచేది కాదు, అందుకని జడ మా అమ్మాయి వేసేది. చిన్నప్పుడు తనకి నేను వేసిన జడలన్నీ తిరిగి ఇచ్చేస్తోందని నవ్వుకునేవాళ్ళం, మొదట్లో.

బస్సునిండా డాక్టర్లే. ఇది మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ అని ఒకాయన, వాతం, వంకాయ మానెయ్యమని ఒకామె, గున్యా జ్వరం వచ్చి పోయుంటది నీకు తెలిసి ఉండదని ఇంకొకాయన. ఇంత మందిలో ఒక్కరూ ముట్లుడిగే వయసు సంగతి ఎత్తలేదు. ఎత్తినా నలుగురి మధ్యలో నేను ఒప్పుకునేదాన్ని కాదు. డిపో మేనేజరుకు రాసిన సెలవు చీటీలో కూడా మోకాళ్ళ నొప్పులనే రాశాను. అంతకు మించి ఆయనకేం రాస్తాం?

మరి డ్యూటీ ఎలా చేశానంటే, బస్టాండు ఎదురుగా మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు మింగి. పొద్దున ఒకటి, చాలకపోతే మధ్యాహ్నం ఇంకొకటి, అన్నం తిన్నా తినకపోయినా. కొన్ని నెలలు అలా నడిచింది. ఒకరోజు స్పెషల్ బస్సు మీద కారంపూడి పోతే అక్కడ బస్టాండులో కాఫీపొడి రంగులో వాంతి అయింది. మా డ్రైవరు బస్సు వదిలేసి నన్ను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఈ డ్రైవరు గురించి కాస్త చెప్పాలి. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో రెండు ఎదురొచ్చిన లారీ వాళ్ళను తిట్టడానికే పోయేవి. కానీ నా చెయ్యి కమ్మీ మీద పడిందని అద్దంలో చూసుకోకుండా ఎన్నడూ బస్సు కదపలేదు. నా వేళ్ళు సన్నటి కమ్మీని బిగించి పట్టుకోలేకపోతున్నాయని కనిపెట్టి, ఒకనాడు ఏమీ చెప్పకుండా పాత సైకిల్ ట్యూబు కోసి తలుపు దగ్గర కమ్మీకి మందంగా చుట్టాడు. పట్టు లావైతే వేళ్ళకు అంత నొప్పి ఉండదు. ఇదేంది తమ్ముడూ అంటే, "రంగు పోతంటే చుట్టా" అన్నాడు. ఆ కమ్మీకి రంగు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపులో పుండు పడిందని తేల్చింది. "ఇంకోసారి నొప్పి బిళ్ళ జోలికి పోయావంటే ఈసారి నిన్ను ఇక్కడికి తెచ్చే టైము కూడా ఉండదమ్మా" అని కోప్పడింది. రక్త పరీక్షలు చేయించి, ఎక్స్‌రేలు తీయించి, వాతపు జబ్బు కాదని చెప్పింది. నెలసరి ఆగే ముందు కొందరికి ఒళ్ళు ఇట్టా పట్టేస్తుందంది. దానికి ఇచ్చే హార్మోను బిళ్ళలు ఉన్నాయి గానీ, మా అమ్మ రొమ్ములో గడ్డతో పోయిందని విని నాకు అవి వద్దనుకుంది. నొప్పి బిళ్ళలు లేవు, హార్మోను బిళ్ళలు లేవు. "కసరత్తు నేర్చుకో, ఫిజియోథెరపీకి పో" అని పంపింది. మందు రాయని డాక్టరు దగ్గరికి పోయొచ్చానని మా ఆయన వారం రోజులు గొణిగాడు.

గురజాల ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదికి పోయి చూస్తే, రోజూ రెంటచింతలలో నా బస్సెక్కే పిల్లే. మెడలో చిన్న శిలువ, చేతిలో టిఫిన్ డబ్బా, కిటికీ పక్క సీటు కోసం పరుగు. కాలేజీకి పోతుందనుకునేదాన్ని. నన్ను చూడగానే, "మీరు ఎప్పుడొస్తారా అని చూస్తున్నా ఆంటీ, మెట్టెక్కేటప్పుడు మీ మొహం రోజూ చూస్తానే ఉన్నా" అంది. మరి చెప్పలేదేమే అంటే, "బస్సులో చెప్పేవాళ్ళు చానామంది ఉన్నారు గదా" అని నవ్వింది.

ఆ పిల్ల నేర్పింది చూస్తే ఇదీ ఒక వైద్యమేనా అనిపించింది. పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి పిడికిలి మూసి తెరవాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడెక్కాలి, భుజం ఎంతవరకు రానిస్తే అంతవరకు. కమ్మీ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. అన్నింటికంటే ముఖ్యమైనది కుర్చీ. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవాలి, మళ్ళీ మెల్లగా కూర్చోవాలి. ఎంత నొప్పి వరకు ఓర్చుకోవచ్చో, ఎక్కడ ఆపాలో దగ్గర కూర్చుని చూపించింది. నీళ్ళు తాగమని కూడా చెప్పింది. బస్టాండుల్లో ఆడవాళ్ళ దొడ్లు ఎలా ఉంటాయో తెలిసిన కండక్టరెవరూ డ్యూటీలో నీళ్ళు తాగరు, అందుకని ఆ ఒక్క మాట మాత్రం నాకు కష్టమైంది.

"దీంతో నొప్పి పోద్దా?" అని అడిగాను.

"మొత్తం పోద్దని నేను చెప్పను ఆంటీ. నొప్పి ఉంటది. కాకపోతే ఇప్పుడు మీరు అది చెప్పినట్టు వింటన్నారు. రేపు అది మీరు చెప్పినట్టు వింటది."

ఇంట్లో మా అమ్మాయి నాకు మేస్త్రీ అయింది. బీకాం పాసై రెండేళ్ళు, రాసిన పరీక్షలన్నింటిలో కొద్దిలో పోతోంది. చిన్నప్పుడు నా కోటు వేసుకుని పెరట్లో కోళ్ళకు టికెట్లు కొట్టిన పిల్ల. కండక్టరు ఉద్యోగమంటే తనకి మొదటి నుంచీ ఇష్టం, వేరే గతి లేక కోరుకున్నది కాదు. తెల్లారకముందే లేచి నీళ్ళు వేడిచేసి, కుర్చీ గోడకు ఆనించి, ఎదురుగా నిలబడేది. నేను చేతులు కుర్చీ మీదికి పోనిస్తే చాలు, "చేతులు తియ్యమ్మా" అనేది. మొదట్లో ఒక్కసారి లేవడానికి కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. నేను తిట్టేదాన్ని. తను కదిలేది కాదు. "తిట్టుకో. చేతులు మాత్రం తియ్యి."

నాలుగు నెలలు పోయాక ఒకరోజు గురజాల బస్టాండులో చెయ్యి ఆనించకుండా సీట్లోంచి లేచి, ట్యూబు చుట్టిన కమ్మీని ఒక్క చేత్తోనే పట్టుకుని దిగాను. మా డ్రైవరు అద్దంలో చూశాడు. హారన్ ఒకసారి అనవసరంగా కొట్టాడు.

సరిగ్గా అప్పుడే యూనియన్ పెద్దాయన మా ఇంటికొచ్చాడు. మంచి మనిషి, ఆ మాట ముందే చెబుతున్నాను. మా డిపోలో ఎందరికో సెలవులు ఇప్పించాడు, సస్పెన్షన్లు ఎత్తించాడు. నేను వాంతి చేసుకుని ఆసుపత్రిలో పడ్డప్పుడు మా ఆయన పోయి ఆయన్ను కలిశాడట, అన్‌ఫిట్‌కు అర్జీ పెట్టించమని. అది ఇన్నాళ్ళకు కదిలి బోర్డు తారీఖు వచ్చింది. ఆ అర్జీ మీద సంతకం పెట్టింది నేనే గానీ, తర్వాత ఆ సంగతి మరిచిపోయాననే చెప్పాలి.

పెద్దాయన కాఫీ తాగుతూ నేను వంటింట్లోంచి నడిచి రావడం చూశాడు. కప్పు కింద పెట్టాడు. "ఏందమ్మా ఇది? శుభ్రంగా నడుస్తన్నావే?"

కసరత్తుల సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడా నయమయ్యేది? ఇంకా పదిహేను రోజులుంది గదా బోర్డుకి. ఆ కసరత్తులన్నీ ఆపెయ్. వేడినీళ్ళూ వద్దు, ఏమీ వద్దు. కదలమాక. కాయలు మాగబెట్టినట్టు నొప్పిని పండబెట్టుకో. ఆ రోజుకి బోర్డు ముందర నీ అంతట నువ్వు లెగవలేకపోవాల. నటించాల్సిన పని కూడా ఉండదు. అమ్మాయి జీవితం నిలబడిపోద్ది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది గుమ్మం దగ్గర నిలబడి కాలి వేలితో గడప గీస్తోంది. ఆ ముఖంలో ఆశను నేను చూశాను. దాన్ని దాచుకోవాలని అది పడుతున్న అవస్థ కూడా చూశాను. "సరే" అన్నాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. నా బిడ్డకు ఉద్యోగం వస్తుందంటే మోకాళ్ళేం లెక్క అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ అది తప్పని అనిపించట్లేదు, అదే బాధ.

మర్నాడు తెల్లారి కుర్చీ గోడ దగ్గరికి రాలేదు. నేను సెలవు పెట్టి మంచం మీద పడుకున్నాను. మొదటి మూడు రోజులు సుఖంగానే ఉంది. తర్వాత వేళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టాయి. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. దొడ్డికి పోవాలంటే మా ఆయన భుజం ఆసరా. నొప్పి పెరిగిన రోజు ఇంట్లో మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు, కొంచెం తగ్గిన రోజు ఇద్దరి ముఖాల్లో కంగారు. ఒకరోజు నాకు తెలియకుండానే పడుకుని మడమలు ఆడిస్తుంటే మా ఆయన చూసి, "కదిలించమాకే, ఇన్ని రోజులు చేసిందంతా పోద్ది" అన్నాడు. అన్న తర్వాత ఆ మాట ఎలా వినపడిందో ఆయనకే తెలిసి, లేచి పొలానికి పోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

మా అమ్మాయి ఆ రోజుల్లో నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం కలిపి పెట్టేది, కాళ్ళ కింద దిండు సర్దేది, పక్కకు తిరిగి కూర్చునేది. బోర్డుకు పోయే ముందు రోజు సాయంత్రం నాకు తల దువ్వింది. దువ్వెన తగిలి భుజం కదిలిందేమో, నాకు కేక వచ్చేసింది. దాని చెయ్యి ఆగిపోయింది. కాసేపటి తర్వాత చాలా మెల్లగా, నూలు దారం అల్లినట్టు, జడ అల్లింది. నా మెడ మీద తడి తగిలింది. ఏందే అంటే, చెమట అంది.

బోర్డు పెద్ద ఊళ్ళో, పెద్ద ఆసుపత్రిలో. తోడుగా మా అమ్మాయి వచ్చింది. వరండాలో బెంచీల మీద ఎక్కడెక్కడి డిపోల వాళ్ళో కూర్చుని ఉన్నారు. ఒకాయన నడుముకు పట్టీ, ఒకాయన చంకలో కర్ర. ఒకరి జబ్బు ఒకరు అడుగుతూ, మీది తప్పకుండా అవుద్దిలే అని ధైర్యం చెప్పుకుంటున్నారు. పెళ్ళిచూపులకు వచ్చినట్టున్నాం, ఎవరి లోపం వాళ్ళం ముందు పెట్టుకుని.

నాకంటే ముందు ఒక డ్రైవరు లోపలికి పోయాడు. పెద్ద వయసేం కాదు. వచ్చేటప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. అతనికి చూపు పోయిందని రాసేశారు. బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టాడు. కొడుక్కి ఉద్యోగం వస్తుంది గదయ్యా అని పక్కనున్న వాళ్ళు ఓదారుస్తుంటే, "వాడికి వస్తది, సరే. నాకు ఇంక స్టీరింగ్ ఇవ్వరంట" అన్నాడు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. కొడుకు తల దించుకుని తండ్రి చొక్కా గుండీలు సరిచేస్తున్నాడు. మా అమ్మాయి ఆ కొడుకు వైపే చూస్తూ ఉండిపోయింది. నా పేరు పిలిచినా దానికి వినపడలేదు.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఉన్నాయన వయసులో పెద్ద. కాగితాలు చూసి, నా వేళ్ళు ముడిపించి, మోకాళ్ళు వంచి చూశాడు. నేను పళ్ళు బిగబట్టాను. అందులో నటన లేదు, యూనియన్ పెద్దాయన చెప్పినట్టే నొప్పి బాగా పండింది. మా అమ్మాయి తలుపు దగ్గర నా సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ కుర్చీలోంచి లేచి నిలబడమ్మా" అన్నాడు డాక్టరు.

నేను రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేశాను. ఒళ్ళు సగం లేచింది. అక్కడ ఆగి మళ్ళీ కూలబడాలి. వచ్చేటప్పుడు దారిపొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. అప్పుడు వెనక నుంచి వినపడింది.

"చేతులు తియ్యమ్మా."

గదిలో అందరూ దాని వైపు తిరిగారు. నేను తిరగలేదు. నా చేతులు కుర్చీ వదిలేశాయి. మోకాళ్ళలో మంట లేచింది, కళ్ళ ముందు నల్లబడింది, కానీ లేచాను. వంగిపోయి, వణుకుతూ, ఎవరినీ పట్టుకోకుండా నిలబడ్డాను.

"ఏమన్నావమ్మాయ్?" అని అడిగాడు డాక్టరు.

"మా అమ్మ రోజూ చేతులు ఆనించకుండానే లెగుస్తదండీ. నాలుగు నెలలు కష్టపడి నేర్చుకుంది. డ్యూటీ కూడా బాగా చేస్తంది. ఈ పదిహేను రోజులే మాన్పించాం." ఆ వెంటే, "నా ఉద్యోగం కోసం మాన్పించాం" అంది.

డాక్టరు నన్ను చూశాడు. "నిజమేనామ్మా?"

అబద్ధమాడొచ్చు. పిల్ల భయపడి ఏదో అంటోందని అనొచ్చు. కానీ నేను అప్పటికే నిలబడి ఉన్నాను. "నిజమేనండి" అన్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, నెలసరి సంగతులు రెండు అడిగి, "ఈ వయసు నొప్పికి అన్‌ఫిట్ రాస్తూ పోతే ఆడవాళ్ళెవరూ ఉద్యోగం చెయ్యడానికి మిగలరు తల్లీ" అన్నాడు. కొన్నాళ్ళు కూర్చునే డ్యూటీ ఇవ్వమని రాసి, ఆ తర్వాత బస్సెక్కవచ్చని రాసి, సంతకం పెట్టాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. అయిదు నిమిషాల్లో వరండాలో ఉన్నాం.

తిరుగు బస్సులో నరసరావుపేట దాటాక నాకు కోపం ఆగలేదు. "ఏందే నువ్వు చేసిన పని? అంతా దగ్గరికొచ్చాక? నీ నోరు జారిందా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నోరు జారలేదు" అంది కిటికీలోంచి చూస్తూనే. "నిన్న నీకు జడేస్తంటే దువ్వెన తగిలినందుకే అరిచావు. ఆ ఉద్యోగంలో చేరితే రోజూ పొద్దున నీ కోటు తొడుక్కుని పోవాల నేను. నువ్వు మంచం మీద ఉంటావు. నయమైనా నయం కానట్టే ఉండాల, బయటెవరికీ కనపడకుండా. ఎట్టా పోతానమ్మా? ఆ కోటు ఎట్టా తొడుక్కుంటా?"

దాని చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. అదే నా చేతిని తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ మూసి తెరవడం మొదలుపెట్టింది. బస్సు ఊగుతుంటే మాచర్ల దాకా అలా చేస్తూనే ఉంది.

ఆ తర్వాత సంగతులు త్వరగానే చెబుతాను. బస్టాండులో ఎంక్వైరీ బల్ల దగ్గర కూర్చుని కొన్నాళ్ళు బస్సుల టైములు చెప్పాను. కుర్చీ మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. పోగొట్టుకున్నదంతా తిరిగి రావడానికి మొదటిసారి కంటే ఎక్కువ రోజులే పట్టింది. తిరిగి బస్సెక్కిన రోజున మా డ్రైవరు కమ్మీకి కొత్త ట్యూబు చుట్టి ఉంచాడు. ఈసారి నేనూ ఏమీ అడగలేదు. నెలసరి పూర్తిగా ఆగిపోయాక వేడి తగ్గింది, నిద్ర వచ్చింది, నొప్పి చాలావరకు దిగింది. మిగిలిన నొప్పితో కలిసి రిటైరయ్యేదాకా డ్యూటీ చేశాను. రెంటచింతల పిల్ల పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయేదాకా నా బస్సులోనే తిరిగింది. నేను సీట్లోంచి లేచినప్పుడల్లా ఒక కంట చూసేది.

మా అమ్మాయికి మాత్రం ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ఇంకే సర్కారు ఉద్యోగమూ రాలేదు. పరీక్షలు రాసే వయసు దాటిపోయింది. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేస్తోంది. సెలవు అడిగితే ముఖం మాడ్చుకునే యజమాని దగ్గర, రేపు ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం. మా ఆయన కొన్నాళ్ళు దాన్ని సతాయించాడు, తర్వాత మానేశాడు. అది నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్ల నా గుండెలో బరువేమీ తగ్గలేదు. పొద్దున్నే కోటు తొడుక్కుని వాకిలి దాటుతున్నప్పుడు, అది వెనక నుంచి చూస్తోందని తెలిసి తిరిగి చూడకుండా పోయిన రోజులు ఉన్నాయి.

ఫోన్ చేసిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే. నిజంగా ఒళ్ళు పోతే అర్జీ పెట్టుకో, అందులో సిగ్గు లేదు. ముందు మంచి డాక్టరుకు చూపించుకో. బిళ్ళలు నాకు పడలేదని నీకూ పడవని నేను అనను, అది డాక్టరు చెప్పాలి. కానీ తగ్గే నొప్పిని మాత్రం పండబెట్టుకోమాక. అది నీ ఒక్కదాని ఒంట్లో పండదు. ఇంట్లో అందరి ఒంట్లోనూ పండుతుంది.

నా రిటైర్మెంటు రోజున డిపోలో శాలువా కప్పారు. యూనియన్ పెద్దాయన అప్పటికి చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఆయనొచ్చి దండ వేశాడు. మా డ్రైవరు రెండు మాటలు మాట్లాడమంటే, "అక్క బాగా చేసింది" అని కూర్చున్నాడు. అందరూ పోయాక నేనూ మా అమ్మాయీ మిగిలాం. కుర్రాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. నా కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. అన్నేళ్ళు మింగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"నీ ఉద్యోగం నేను తినేశానే" అన్నాను.

మా అమ్మాయి నా ఒళ్ళోంచి కోటు తీసుకుని తన చేతి మీద వేసుకుంది.

"తినలేదమ్మా. చేశావు" అంది. "చివరి ట్రిప్పు దాకా చేశావు. ఇంక లెగు, ఇంటికి పోదాం."

లేచాను. చేతులు ఆనించలేదు.